గింజ ఒకటే, గడ్డి వేరు

ఏప్రిల్‌లో విజయనగరం నుంచి చీపురుపల్లి మీదుగా రాజాం వెళ్లే బస్సెక్కితే, దారిలో ఎక్కడో ఒకచోట గడ్డి ట్రాక్టరు వెనకాల చిక్కుకోవాల్సిందే. ఇంజను కనబడదు, డ్రైవరు కనబడడు. రోడ్డుకి అటూ ఇటూ చెట్టుకొమ్మల్ని రాసుకుంటూ ఒక గడ్డికుప్ప తనంతట తనే నడిచిపోతున్నట్టుంటుంది. బస్సు డ్రైవరు హారన్ కొట్టి కొట్టి ఊరుకుంటాడు. చివరికి దాటేటప్పుడు కిటికీలోంచి చూస్తే, ఆ కుప్పని లాగుతున్నది చాలాసార్లు ఏ పాత మాసీ 1035నో, రంగు వెలిసిన మహీంద్రానో, బానెట్ ఊడిపోయిన హెచ్ఎంటీనో అయి ఉంటుంది. దుక్కికి పనికిరాదని పక్కన పెట్టినవే ఇవన్నీ. గడ్డి దగ్గరికి వచ్చేసరికి మళ్లీ బయటికి తీస్తారు.

కొత్త బండి కొనే స్తోమత లేకే ఇలా లాక్కొస్తున్నారని చాలాకాలం అనుకున్నాను. కొంతవరకు నిజమే. కానీ బాగా డబ్బున్న దేశాల్లో కూడా ఇదే జరుగుతుంది. ఇంగ్లండులో కోవెంట్రీలో 1946 నుంచి 1956 దాకా బూడిదరంగు ఫెర్గూసన్ టీఈ-20 అనే చిన్న ట్రాక్టరు తయారయ్యేది. ఐదు లక్షలకి పైగా చేశారు. వాటిలో మిగిలినవి కొన్ని ఇప్పటికీ జూన్, జూలై నెలల్లో అక్కడి పల్లెల్లో పచ్చగడ్డి కోసి, తిరగేసి, ఎండబెట్టే పనికి దిగుతాయి. దుక్కిని పెద్ద ట్రాక్టర్లు లాక్కున్నాయి. గడ్డి పని తేలిక, దానికి పాతిక ముప్ఫై గుర్రాల బలం చాలు. అందుకని ముసలి బండ్లకి అది మిగిలింది. ముసలాళ్లకి మనవల్ని అప్పగించినట్టు.

అయితే పెద్ద తేడా ఒకటుంది. వాళ్లకి వేసవి గడ్డి దాచుకునే కాలం. మంచు కురిసే నెలల కోసం ఎండ ఉండగానే ఎండబెట్టుకుంటారు. మనకి వేసవి గడ్డి తినిపించే కాలం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో వరి ఎక్కువగా వానకీ చెరువుకీ పండేది. నవంబరు, డిసెంబరుల్లో కోత. సంక్రాంతికి అటూ ఇటూ నూర్పు. కొయ్యకాళ్లు, అపరాల పొట్టు మేసినన్నాళ్లు మేసి, మాఘం దాటాక పశువు కుప్ప మీద పడుతుంది. అక్కణ్ణుంచి మృగశిర కార్తె చినుకు పడి గట్ల మీద పచ్చిక లేచేదాకా దానికి దిక్కు ఆ వరిగడ్డే. ఇంగ్లండు రైతుకి జనవరి ఎలాంటిదో, మా వైపు రైతుకి మే నెల అలాంటిది.

ఇంత ముఖ్యమైన వస్తువుకి మన భాషలో ఉన్న మర్యాద చూడండి. డబ్బు కోసం గడ్డి తిన్నాడంటాం. నాలుగు గడ్డి పెట్టి పంపామంటాం. లెక్కలేనిదాన్ని గడ్డిపోచ అంటాం. కథల్లో, సినిమాల్లో గడ్డివాముకి రెండే ఉద్యోగాలు: ప్రేమికులకి చాటుగా ఉండడం, పగవాడి చేతిలో తగలబడడం. సర్కారు లెక్కల్లోనూ అంతే. దిగుబడి అంటే గింజే. 2024-25లో సాధారణ రకం ధాన్యం క్వింటాలుకి 2,300 రూపాయల మద్దతు ధర ఉంది. గడ్డికి మద్దతు ధర లేదు, కొనుగోలు కేంద్రం లేదు. అందుకే వ్యవసాయ చరిత్ర రాసేవాళ్లకి బస్తాలు దొరుకుతాయి, కుప్పలు దొరకవు. ఆ కుప్పల వైపు నుంచి చూస్తే మా జిల్లాల చరిత్ర ఇంకోలా కనిపిస్తుందని నా అనుమానం.

వరిని ఎలా నూర్చినా గింజ గింజే. గడ్డి అలా కాదు. నూర్చిన పద్ధతిని బట్టి అది వేరే వస్తువైపోతుంది.

కట్టని చేత్తో పట్టుకుని బల్లకో రాయికో కొడితే గింజ రాలుతుంది, గడ్డి పరక విరగదు. నిటారుగా, వరసగా ఉంటుంది. అది ఇంటికప్పుకి పనికొస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో తాటాకు ఎక్కువ గానీ, లోపలి ఊళ్లలో పూరిళ్ల మీద వరిగడ్డి కప్పు బాగా ఉండేది. పశువుల చేత తొక్కిస్తే పరక నలుగుతుంది, మెత్తబడుతుంది. అది మేత. అసలే వరిగడ్డిలో బలం తక్కువ. మాంసకృత్తులు నూటికి మూడు నాలుగు పాళ్లకి మించవు, ఇసుక పదార్థం మాత్రం దండిగా ఉంటుంది. అలాంటి గడ్డి బిరుసుగా కూడా ఉంటే పశువు సగం తిని సగం తొక్కేస్తుంది. కాబట్టి కళ్లంలో ఎడ్ల బంతి తిప్పేటప్పుడు రెండు పనులు ఒకేసారి అయ్యేవి. మనిషి తిండి రాలేది, పశువు తిండి నలిగేది. ఇంటికెంత, పశువుకెంత అని చూసుకుని కొన్ని కట్టలు కొట్టేవాళ్లు, మిగతావి తొక్కించేవాళ్లు.

ఈ ఏర్పాటులోకి 1960లలో రెండు కొత్తవి దాదాపు ఒకేసారి వచ్చాయి. ఒకటి పొట్టి వరి. ఐఆర్-8 విడుదలైంది 1966లో. హరిత విప్లవపు వరి సూత్రం ఒక్క ముక్కలో చెప్పాలంటే, మొక్క గడ్డి మీద పెట్టే శక్తిని తగ్గించి గింజ మీద పెట్టించడం. పాత రకాలు ఏపుగా పెరిగి గాలికి పడిపోయేవి, ఎరువేస్తే ఇంకా పడిపోయేవి. పొట్టివి నిలబడ్డాయి, దిగుబడి పెరిగింది. 1982లో స్వర్ణ వచ్చింది, తర్వాత మా వైపు అందరూ ‘వెయ్యిన్నొకటి’ అనే ఎంటీయూ 1001 వచ్చింది, శ్రీకాకుళం పక్కన రాగోలు పరిశోధన కేంద్రం నుంచి శ్రీకాకుళం సన్నాలు వచ్చింది. అన్నీ మంచి రకాలే, ఎవరి కడుపైనా నిండింది వాటితోనే. కానీ బస్తా ధాన్యానికి పాత వరి ఇచ్చినంత గడ్డి పొట్టి వరి ఇవ్వదు. ఆ తేడా ఎవరి ఖాతాలో పడిందో ఎవరూ రాసుకోలేదు.

రెండోది ట్రాక్టరు. 1951లో దేశం మొత్తం మీద ట్రాక్టర్లు తొమ్మిది వేల లోపే, అన్నీ విదేశాల నుంచి దిగినవే. ఇక్కడ తయారీ 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. దాని మూలం జర్మనీ. 1960లో మద్రాసులో టాఫే పుట్టి మాసీ ఫెర్గూసన్‌తో చేతులు కలిపింది. 1961లో ఎస్కార్ట్స్ పోలండు ఉర్సుస్‌ని తెచ్చింది. 1963లో మహీంద్రావాళ్లు, ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ కలిసి కంపెనీ పెట్టి ఇంగ్లండులో చేసే బీ-275ని బొంబాయిలో చేయడం మొదలెట్టారు. ఇప్పటి మహీంద్రా 275లో ఆ అంకె అలాగే మిగిలిపోయింది. 1971లో పింజోర్‌లో హెచ్ఎంటీ చెకొస్లొవేకియా జెటర్‌ని పట్టుకుంది. బయటి కంపెనీ లేకుండా దుర్గాపూర్ పరిశోధనశాలలో గీసిన నమూనాతో 1974లో పంజాబ్ నుంచి వచ్చింది స్వరాజ్.

ఈ పేర్లన్నీ ఎందుకంటే, మన కళ్లాల్లో తిరిగిన ఒక్కో పాత బండి వెనక ఒక పరాయి పొలం ఉంది. ఆ బూడిదరంగు ఫెర్గూసన్‌కి తమ్ముడు 1956లో వచ్చిన 35. ఆ వంశంలోదే మన మాసీ 1035. తడి నేల మీద చిన్న కమతాల్లో దున్నుకోడానికీ, పచ్చగడ్డి కోసి తిరగేయడానికీ గీసిన బండి అది. మన దగ్గరికొచ్చి దుక్కి దున్నింది, దమ్ము చేసింది, ఇసుక మోసింది, జాతరకి జనాన్ని మోసింది. పుష్యమాసంలో మాత్రం కళ్లంలో ఎడ్ల చోటులోకి దూరి గుండ్రంగా తిరిగింది. ఆ పని దాన్ని గీసినవాళ్లు ఊహించి ఉండరు.

బ్యాంకులు జాతీయమైంది 1969 జూలైలో. ఆ తర్వాత అప్పు దొరకడం మొదలైనా ఊరికొక్కటి, రెండూళ్లకొక్కటి అన్నట్టుగానే ఉండేది. కొన్నవాళ్లు మోతుబరులు. అదే కాలంలో 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోవడం, శ్రీకాకుళ ఉద్యమం రగలడం జరిగాయి. దాని వెనక భూమితో పాటు కూలిరేట్లు, పాలేర్ల జీతాలు కూడా ఉన్నాయి. పాలేరుని మా వైపు కంబారి అంటారు. కారా మాస్టారి ‘యజ్ఞం’ చదివినవాళ్లకి కంబారితనం ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. కళ్లంలో బంతి తిప్పేది ఆ కంబారే. రాత్రంతా ఎడ్ల వెనక నడిచి, అవి పేడ వేస్తే ధాన్యంలో పడకుండా గడ్డిచుట్టతో పట్టుకునేది అతనే. ట్రాక్టరు వచ్చాక ఎడ్లతో పాటు ఆ మనిషి అవసరం కూడా తగ్గింది. ఇందులో విడుదల ఎంత, వీధిన పడడం ఎంత అన్నది ఏ ఇంట్లో అడుగుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుంది. నాకు తెలిసిన ఒక ముసలాయన, చిన్నప్పుడు కంబారిగా చేసినాయన, ట్రాక్టరు మాట ఎత్తితే నవ్వేవాడు. “అదొచ్చి మా నాయుడి కాడ కంబారయింది బాబూ, నేను పట్నం పోయి కూలోణ్నయినాను.”

నాకు గుర్తున్న కళ్లం 1990ల నాటిది. కళ్లం అలికి, కుప్ప విప్పి, కట్టలు పరిచేవారు. ఊళ్లో ఒకరి బండి వచ్చేది, గంటల లెక్కన డబ్బులు. అది మధ్యలోంచి మొదలెట్టి గుండ్రంగా తిరుగుతుంటే ఆడవాళ్లు, మగవాళ్లు పంగలకర్రలతో కాచుకుని ఉండేవారు. కాసేపు తొక్కించి ఆపితే గడ్డి దులిపి తిరగేసేవారు. మళ్లీ తొక్కుడు. దులిపిన గడ్డి ఒక పక్కకి, ధాన్యం తాలుతో సహా మధ్యకి. తర్వాత తూర్పెత్తడం. ఆ దుమ్ములో డీజిలు వాసన, కొత్త ధాన్యం వాసన కలిసి వచ్చేవి. పిల్లలం గడ్డి మీద పడి దొర్లేవాళ్లం, ఒళ్లంతా దురద పుట్టేది. పైకి లేచిన సైలెన్సరు గొట్టం నుంచి నిప్పురవ్వ పడుతుందేమోనని ఒకరు బిందెతో నీళ్లు పట్టుకుని కూర్చునేవారు. ఇది వినడానికి సరదాగా ఉంటుంది గానీ, వెనక్కి తిప్పుతున్న బండికీ గడ్డి దులిపే మనిషికీ మధ్య ఉండేది రెండు అడుగులే. కళ్లంలో కాళ్లు పోగొట్టుకున్నవాళ్ల కథలు ప్రతి మండలంలోనూ ఉంటాయి.

మా చిన్నాన్న ఒక పాత 35 గుర్రాల బండి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దమ్ములో దిగితే మొరాయించేది. ఎందుకు కొన్నావని నాన్న అడిగితే, “దున్నలేదు గానీ తొక్కగల్దు, మొయ్యగల్దు. సాల్దేటి?” అన్నాడు. ఆ బండి తొక్కిన గడ్డి పాత ఎడ్ల గడ్డి కంటే మెత్తగా ఉండేది. పశువు పరక మిగల్చకుండా తినేది. ఎడ్లు రాత్రంతా చేసే పనిని అది పూటలో చేసి, గింజనీ గడ్డినీ రెండింటినీ రైతు చేతిలో పెట్టేది. తర్వాత వచ్చిన పెద్ద యంత్రం ఆ రెండోది పెట్టలేదు.

2000 తర్వాత కోత మిషన్లు వచ్చాయి. ఎకరాన్ని చూస్తుండగానే కోసి, నూర్చి, ధాన్యాన్ని ట్రక్కులో పోసి వెళ్లిపోతాయి. అవి ఎందుకొచ్చాయో ఊళ్లోవాళ్లకి తెలుసు. కోసేవాళ్లు లేరు. విశాఖ, హైదరాబాదు, చెన్నై, భువనేశ్వర్ ఎప్పుడో సగం ఊళ్లని ఖాళీ చేశాయి. 2006లో ఉపాధి హామీ మొదలైన తొలి జిల్లాల్లో విజయనగరం ఒకటి, మరుసటి ఏడు శ్రీకాకుళం చేరింది. పథకం వల్లే కూలి దొరకడం లేదని రైతులు తిట్టుకోవడం విన్నాను. ఆ మాట పూర్తిగా న్యాయమైంది కాదు. తక్కువ కూలికి వంగి కోసేవాళ్లు దొరకడం అనే సదుపాయం ఎప్పటికైనా పోవాల్సిందే.

మిషను వేగం గురించి వాదన లేదు. గడ్డి సంగతే గొడవ. అది మోకాటి ఎత్తున కొయ్యకాళ్లు వదిలేస్తుంది, కోసిన గడ్డిని చిందరవందరగా వెనక పోస్తుంది. దాని మీదుగా మళ్లీ ధాన్యం ట్రక్కు తిరుగుతుంది. పచ్చిగా ఉండగానే కోస్తారు కాబట్టి మంచుకి బూజు పడుతుంది. మా మామ్మ తేల్చి చెప్పింది: “ఆవు మూతెట్టదు. ఏటి సేసుకుంతాం, అగ్గెట్టీడమే.” పొలంలోనే తగలబెట్టడం ఇలాగే మొదలైంది. ఢిల్లీ పొగ గురించి పేపర్లో చదివేవాళ్లకి పంజాబ్ తెలుసు. అంత పెద్ద ఎత్తున కాకపోయినా దాని వెనకున్న లెక్క మాత్రం ఇక్కడా ఒకటే.

మరి మిషన్లు వచ్చాక పాత బండ్లు తూకానికి వెళ్లిపోవాలి కదా? చాలావరకు వెళ్లాయి. కొన్ని వెళ్లలేదు, అందుకు కారణాల్లో ఒకటి పెసర, ఇంకొకటి మినుము. మా వైపు వరి కోతకి ముందే, ఇంకా తేమ ఉండగానే, చేలో పెసలు, మినుములు చల్లేస్తారు. కోత నాటికి అవి రెండాకులు వేసి ఉంటాయి. మనుషులు కోస్తే వాటికి ఏమీ కాదు, కొడవలి పైనుంచి పోతుంది. అంత బరువున్న మిషను దిగితే చక్రాల కింద మొలక నలిగిపోతుంది. చిన్న రైతుకి ఆ అపరాలే చేతిలో ఆడే డబ్బు. అందుకని అపరాలు వేసుకునే చేలల్లో చేతికోత మిగిలింది. చేతికోత ఉన్నచోట కట్టలు ఉంటాయి, కట్టలున్నచోట కుప్ప ఉంటుంది, కుప్పని నూర్చడానికి ఏదో ఒక ట్రాక్టరు కావాలి. తొక్కించడమైనా, ట్రాక్టరుకి తగిలించే నూర్పిడి మిషనులో పెట్టడమైనా.

తుఫాన్లు ఇంకో కారణం. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ. మూడూ అక్టోబరులోనే, వరి పొట్ట మీదా కంకి మీదా ఉన్నప్పుడే. తిత్లీ అంటే అందరికీ ఉద్దానంలో కూలిన కొబ్బరి, జీడి గుర్తొస్తాయి, అది సహజం. అయితే పడిపోయిన వరిని మిషను సరిగ్గా ఎత్తలేదు. మనిషి వంగి, ఏరి, కోయాలి. అలాంటి ఏడు గింజ సగమైనా చేతికొస్తుంది, బురద పట్టిన గడ్డిని మాత్రం పశువు వాసన చూసి వదిలేస్తుంది. ఆ వేసవి గడ్డి కోసం ఇంకో మండలానికి ట్రాక్టరు కట్టుకుని వెళ్లాల్సిందే.

కౌలు రైతు సంగతి ఇక్కడే తగులుతుంది. మా ఊళ్లో కౌలు అంటే ఎకరాకి ఇన్ని బస్తాలని. భూస్వామి హైదరాబాదులో ఉన్నా, అమెరికాలో ఉన్నా ఆయనకి కావాల్సింది గింజ, లేదా గింజ డబ్బు. గడ్డిని ఎవరూ అడగరు, అది కౌలుదారుకి మిగులుతుంది. చాలా ఏళ్లు అతని మిగులు మొత్తం అదే. ఆ గడ్డితో రెండు గేదెలు, గేదెలతో పాలు, పేడ. పేడ మళ్లీ పొలంలోకి. మిషను కోసిన ఏడు అతని లెక్కలో కూలి ఖర్చు తగ్గుతుంది, మేలే. వేసవిలో గడ్డి కొనాల్సి వస్తుంది. పాలకేంద్రం ఇచ్చే డబ్బు గడ్డికే సరిపోతుందనుకున్న రోజు గేదెని సంతకి తోలుతాడు. పశువులు తగ్గిపోతున్నాయి, యువతకి ఓపిక లేదు అని నిట్టూర్చే వ్యాసాలు చాలా చదివాను. ఓపిక కంటే ముందు కుప్ప పోయింది.

ఈ మధ్య గడ్డిచుట్టలు కట్టే మిషన్లు వస్తున్నాయి, బేలర్లు. కోత మిషను వదిలేసిన గడ్డిని ఎత్తి, చుట్టి, తాడు కట్టి పడేస్తాయి. బీడులా కనిపించే చేను నిండా దొర్లే గుండ్రటి చుట్టలు. ఫొటో తీసి పెడితే ఏ ఫ్రాన్సో అనుకుంటారు. విశేషం ఏమిటంటే, వీటిలో చిన్న రకాలు 35 గుర్రాల బండితో నడుస్తాయి. ట్రాక్టరు వెనక పరికరాన్ని తిప్పే ఇరుసు, పీటీవో, నిమిషానికి 540 చుట్లు తిరగాలన్న పాత ప్రమాణమే ఇప్పటికీ ఉంది. కాబట్టి అరవై ఏళ్ల కిందటి నమూనాకి నిన్న కొన్న బేలరు తగిలించవచ్చు. దుక్కిలోంచి ఎప్పుడో రిటైరైన బండి, కళ్లంలోంచి కూడా రిటైరయ్యాక, మళ్లీ గడ్డి దగ్గరే ఉద్యోగం సంపాదించుకుంది. ఒకరకంగా అది పుట్టినచోట నేర్చిన పనికి తిరిగొచ్చింది. చుట్టకి ఇంత అని ఇవ్వాలి కాబట్టి ఇప్పుడు గడ్డికి కూడా ధర ఏర్పడింది. ధర వచ్చాక అది కౌలుదారు మిగులుగా ఎన్నాళ్లుంటుందో చూడాలి. ‘గడ్డి నాది’ అనే భూస్వాములు అప్పుడే ఒకరిద్దరు తయారయ్యారు.

మా చిన్నాన్న బేలరు కొనలేదు. పోయిన వేసవిలో ఆయన బండి మీదే, విడిగడ్డి లోడుతో, పక్క ఊరి నుంచి వచ్చాను. లోడు పైన ఒక కుర్రాడు పొడుగాటి వెదురుకర్ర పట్టుకుని పడుకున్నాడు. ఊరి దారిలో కిందికి వేలాడే కరెంటు తీగలు అడ్డొచ్చినచోటల్లా బండి ఆగేది. కుర్రాడు లేచి మోకాళ్ల మీద కూర్చుని, ఎండిన కర్రతో తీగని మెల్లిగా పైకెత్తి పట్టుకునేవాడు. ఏటా వేసవిలో ఇలాంటి తీగ తగిలి ఎక్కడో ఒకచోట గడ్డి ట్రాక్టరు కాలిపోయిందని పేపర్లో వస్తూనే ఉంటుంది. చిన్నాన్న వెనక్కి తిరిగి చూడకుండానే “ఎత్తినావేటిరా?” అని అడిగేవాడు. పైనుంచి “ఎత్తినాను, పోనీ” అని వినబడ్డాక క్లచ్ వదిలేవాడు. రెండు కిలోమీటర్ల దారిలో అలా తొమ్మిదిసార్లు ఆగాం. ఇంటికొచ్చేసరికి పొద్దు గూకింది, గాటి దగ్గర ఆవులు అప్పటికే లేచి నిలబడి ఉన్నాయి.